బాపమ్మ కలిపిన లడాయి చేపలు

ఆ దుకాణంలోకి నా అంతట నేను పోలేదు. కామారెడ్డి బజారులో మునిమనవడి చెయ్యి పట్టుకుని నడుస్తుంటే వాడే లాక్కుపోయాడు. చేపల దుకాణం, వండుకునే చేపలు కావు, చూసుకునే చేపలు. గోడ వారగా చెక్కల మీద వరసగా ప్లాస్టిక్ గ్లాసులు, గ్లాసుకొక చేప, గ్లాసుకూ గ్లాసుకూ నడుమ ఒక అట్టముక్క. ఆ అట్టముక్కలు చూడగానే నా కాళ్లు ఆగిపోయాయి. దుకాణపామె నన్ను చూసి, "ఇవి ఫైటర్లంటరు అవ్వా, ఒకదానికొకటి కనవడితె ఊకోవు, అందుకే అట్ట అడ్డం పెట్టినం" అని వివరంగా చెప్పబోయింది. ఎవరికి చెపుతోందో పాపం ఆమెకేం తెలుసు! ఇంతలో వాడు ఒక అట్టముక్క మీద చెయ్యి వేశాడు, లాగేద్దామని. నేను వాడి చేతి మీద ఒక్కటి వేశాను. వాడు బజారంతా వినపడేటట్టు ఏడ్చాడు. వాణ్ణి నేను అంతకు ముందెప్పుడూ కొట్టలేదు. ఇంటికి వచ్చాక వాళ్లమ్మ మూతి ముడుచుకుంది, ముసలితనంలో చాదస్తం అనుకుని ఉంటుంది. ఎందుకు కొట్టానో చెప్పాలంటే చాలా దూరం వెనక్కి పోవాలి, వినే తీరిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని రాస్తున్నాను.

మేము పద్మశాలీలం. ఎల్లారెడ్డిలో మా ఇంటికి మూడే అర్రలు. వెనక వంట, నడుమ పడకలు, ముందు అర్రలో మగ్గం. మాది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, దాని గట్టు మీద కూచుని, కాళ్లు లోపలికి వదిలి తొక్కుతూ నేయాలి. ఆ గుంట మా తాత తవ్వింది. తూర్పు కిటికీకి ఆనుకుని ఉండేది, ఇంటి మొత్తానికి వెలుతురు వచ్చే కిటికీ అదొక్కటే. నన్ను కన్న రెండు వారాలకే మా అమ్మ పోయింది. ఇంట్లో నేను, మా బాపు, బాపును కన్న మా బాపమ్మ. బాపు పొద్దున కాళ్లు గుంటలో పెడితే పొద్దుగూకేదాకా అడ్డపోగు మోసే నాడె అటూ ఇటూ పోతూనే ఉండేది. ఆ చప్పుడు ఆగితే ఇంట్లో ఎవరికో ఏదో అయిందన్నమాట. బాపమ్మ రాట్నం తిప్పి కండెలు చుట్టేది, నేను అందించేదాన్ని. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, అలికిన గుంటలోంచి వచ్చే చల్లటి మట్టి వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. పక్కింటి వాళ్ల దగ్గర కూడా అదే వాసన వస్తుందని నాకు చాలా ఏళ్లదాకా తెలియదు, మా ఇంటికే ప్రత్యేకం అనుకునేదాన్ని.

బాపమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె పొట్టిగా, గట్టిగా ఉండేది. నవ్వితే కూడా తిట్టినట్టే ఉండేది. వాడకట్టులో ఆమెకొక పేరుంది, కొట్లాటలు తీర్చే ముసలమ్మ అని. ఆమె దగ్గర ఉన్న మందు ఒకటే. కొట్లాడుకున్న ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెట్టేది. నడుమ ఒకే పళ్లెం పెట్టేది. అందులో జొన్నరొట్టె తుంచి పప్పులో కలిపి, "తినుండ్రి, ఒడిసెదాక లేవద్దు" అని తలుపు దగ్గర కూచునేది. ఏం మాట్లాడేది కాదు, ఎవరిది తప్పో అడిగేది కాదు. ఆకలి ముందు రోషం ఎంతసేపు నిలుస్తుంది? ఒక చెయ్యి ముద్ద కలుపుతుంటే రెండో చెయ్యి ఊరికే ఉండలేదు. పక్క ఇండ్లలో తోడికోడండ్లు జుట్లు పట్టుకున్నా ఆమెకే కబురు వచ్చేది, పళ్లెం చంకన పెట్టుకుని వైద్యుడు పోయినట్టు పోయేది. అప్పటిదాకా ఆమె మందు పనిచేయకపోవడం నేను చూడలేదు. అందుకే మేమందరం దాన్ని నమ్మాం. అందరికన్నా ఎక్కువ ఆమే నమ్మింది.

బాపుకు ఒక తమ్ముడు, రాజయ్య. నాకు చిన్నాయిన. నాకు ఊహ తెలియక ముందే బొంబాయి పోయాడు. మా వైపు నుంచి అప్పట్లో ఎందరో పోయేవారు, కామారెడ్డిలో రైలెక్కితే ఇక అటే. ఆయన మొదట మిల్లులో చేరి, దుమ్ము పడక, ఒక పార్సీ సేటు ఇంట్లో పనికి కుదిరాడట. ఆ సేటుకు చేపల పిచ్చి. గాజు తొట్లలో దేశదేశాల చేపలు పెంచేవాడు, వాటికి నీళ్లు మార్చడం, మేత వేయడం చిన్నాయిన పని. లడాయి, అదే రెండో ప్రపంచ యుద్ధం, మొదలైన కొన్నాళ్లకు సేటు కుటుంబం ఇల్లు ఖాళీ చేసింది. పోతూ పోతూ రెండు చేపలను ఈయన చేతిలో పెట్టారు. వాటితోనే చిన్నాయిన మా ఇంటికి వచ్చాడు. ఎడ్లబండి దిగుతుంటే ఒళ్లో ఒక గంప. గంపలో తడి గడ్డి, గడ్డిలో రెండు గాజు సీసాలు, సీసాల మూతికి పలుచటి బట్ట. కొడుకు ఇన్నేళ్లకు వచ్చాడని బాపమ్మ ఎదురు పరుగెత్తితే, "అవ్వా, ఆగు, నీళ్లు ఒలుకుతయి" అన్నాడు. ఆ మాట మీద ఆమె చచ్చేదాకా ఆయన్ని వేళాకోళం చేయాలనుకుని ఉంటుంది. అంత కాలం దొరకలేదు.

సీసాలు వంటింటి గూట్లో పెట్టాడు, పొయ్యి వేడి తగిలేటట్టు. వాటికి చలి పడదట. ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చిటికెన వేలంత ఒళ్లు, ఒంటికి మించిన తోక. నడుమ ఒక అట్టముక్క. ఆ అట్ట ఎందుకో నాకు మొదటి రోజే చూపించాడు. కొంచెం పక్కకు జరిపాడు. అప్పటిదాకా మగతగా ఉన్న రెండూ ఒక్కసారి ఇంతలింత అయ్యాయి. రెక్కలు విప్పాయి, చెంపలు ఉబ్బించాయి, గొంతు కింద నల్లటి గడ్డం లాంటిది పొడుచుకొచ్చింది. గాజుకు మూతులు కొట్టుకున్నాయి. ఆయన మళ్లీ అట్ట పెట్టేశాడు. "దినాం గిట్ల రెండు నిమిషాలు చూపియ్యాలె. లేకుంటె ముడుసుకోని వంటయి. అంతకన్న ఎక్కువ చూపియ్యద్దు. కలుపుడైతె ఎప్పటికి కలుపద్దు, యాదుంచుకో నర్సీ" అన్నాడు. వాటిని మేం లడాయి చేపలన్నాం. దోమ పురుగులు ఏరి తెచ్చి వేయడం నా పని. నీలం చేప నీళ్ల మీద బుడగలు ఊది నురుగు పోగుచేసేది, అది పిల్లల కోసం కట్టే గూడట. "పెండ్లం లేదు, పిల్లలు లేరు, ఇల్లు మాత్రం కడుతనే ఉంటది నా లెక్క" అని చిన్నాయిన నవ్వేవాడు. ఇసుకలో వేలితో నాకు అక్షరాలు రాయించింది కూడా ఆయనే. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ వేలు పుణ్యమే.

ఆయన తిరిగిపోవడానికి రాలేదు. ఇక్కడే మగ్గం పెట్టుకుని, పెళ్లి చేసుకుని ఉందామని వచ్చాడు. ఒకనాడు అన్నం తిన్నాక బాపుతో మెల్లగా అన్నాడు.

"అన్నా, ముందటి అర్రల ఇంకో గుంట తవ్వుదమా? నీ మగ్గం రెండు మూరలు మూలకు జరిపితె నాది గుడ పడుతది. కిటికి ఇద్దరికి వస్తది."

బాపు చెయ్యి కడుక్కుంటున్నవాడు ఆగిపోయాడు. "నాయిన తవ్విన గుంట. నేను జరుప."

"జరిపితె ఏమైతది?"

"జరుపనంటె జరుప. నువ్వు లేని ఇన్నేండ్లు ఈ ఇల్లు ఆ గుంట మీదనే బతికింది. ఇయ్యాల వచ్చి జరుపు అంటవా?"

"నేను గుడ ఆ నాయిన కొడుకునే కద అన్నా."

అంతే. పెద్ద మాటలేవీ లేవు. కాని ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటలు లేవు. చిన్నాయిన ముందు అర్రలోకి వస్తే బాపు వీపు బిగుసుకునేది. ఏదో వస్తువు కోసం ఆయన చేయి చాస్తే బాపు దాన్ని తన వైపు లాక్కునేవాడు, అది తనకు అక్కరలేనిదైనా సరే. పదిహేను రోజులు అలా గడిచాయి. నవ్వొచ్చేదేమంటే, పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పట్టించాలంటే వీధిలో ఇంత పొడుగున నూలు చాచి రెండు కొసలా ఇద్దరు మనుషులు బిగువు పట్టాలి. ఆ పని ఇంకెవరితోనూ కుదరదు, చేతి బిగువు తెలిసినవాళ్లే కావాలి. అన్న ఒక కొస, తమ్ముడు ఒక కొస, నడుమ వీధి పొడుగునా తడి నూలు. నేను నడుమ నిలబడి, "బాపు లాగుమంటుండు" అని ఇటు చెప్పి, "చిన్నాయిన ఒదులుమంటుండు" అని అటు చెప్పేదాన్ని. ఇద్దరూ ఒకే క్షణంలో లాగేవారు, ఒకే క్షణంలో వదిలేవారు. నూలు ఒక్క పోగు తెగేది కాదు. అంత బాగా కుదిరిన మనుషులు అంత మూర్ఖంగా ఎలా ఉండగలిగారో ఇప్పటికీ నాకు కోపమే.

బాపు మొండితనానికి ఒక కారణం ఉంది. అది నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. ఆయనకు కళ్లు తగ్గుతున్నాయి. పోగు తెగితే ముడి వేయడానికి నన్ను పిలిచేవాడు. మొదట్లో ఎప్పుడో ఒకసారి పిలిచేవాడు, తర్వాత ప్రతి పోగుకూ. "చిన్న వేళ్లు కద, నీకైతె మంచిగ అందుతది" అనేవాడు. మబ్బు పట్టిన రోజున నాడె పట్టుకుని ఊరికే కూచునేవాడు. ఆ కిటికీ నుంచి రెండు మూరలు జరిగితే ఆయన నేయలేడు. నేయలేకపోతే ఆయన ఏమీ కాడు. ఒక్క మాట, "తమ్మీ, నాకు కండ్లు ఆనుతలెవ్వు" అంటే చిన్నాయిన ఆ కిటికీని గోడతో సహా ఇచ్చేసేవాడు. ఆ మాట ఆయన నోట రాలేదు. నన్ను కూడా చెప్పనివ్వలేదు, "ఎవ్వలకన్న అన్నవంటె సూడు" అని ఒకసారి నా చెవి మెలిపెట్టాడు. పోయిన చలికాలం కామారెడ్డిలోనే నా కంటి పొర తీశారు. అరగంట కూడా పట్టలేదు. కట్టు విప్పిన రోజు డాక్టరమ్మ గోడ మీది అక్షరాలు చదవమంటే చదవలేకపోయాను. కనపడక కాదు, బాపు గుర్తొచ్చి కళ్లు నిండిపోయి. అరగంట పనికి ఒక ఇల్లు పోయిందే అని నాకు కలిగిన బాధ ఆ బిడ్డకు ఏమని చెప్పను?

ఇక బాపమ్మ. ఆమె కొడుకుల నడుమ పళ్లెం పెట్టకుండా ఉంటుందా? పెట్టింది. మొదటిసారి ఆమె మందు పారలేదు. బాపు లేచి పోయాడు. చిన్నాయిన ఒక్కడే కాసేపు కూచుని, ఒక్క ముద్ద కూడా ముట్టకుండా పళ్లెం తీసి లోపల పెట్టాడు. ఆ రోజు నుంచి బాపమ్మ తరచూ వంటింటి గూటి ముందు నిలబడేది. అట్ట కొంచెం తొలగించి చేపలను చూసేది. నాకు భయమేసేది. ఒకరోజు నన్ను పిలిచి, "సూడు బిడ్డా, ఒకదాన్నొకటి చూడంగనే ఎట్ల చేతులు చాపుతున్నయో. ఎడబాసి ఏడుస్తున్నయి. ఈడు నడుమల అట్ట పెట్టిండు, అన్నదమ్ముల్ని చూసుకోనిస్తలేడు" అంది. ఉబ్బిన చెంపలు ఆమెకు ఏడుపు ఆపుకుంటున్న ముఖంలా కనిపించాయి. గాజుకు కొట్టుకునే మూతులు ముద్దు కోసం వచ్చినట్టు కనిపించాయి. ఆమె కళ్లకు ఇంకోలా కనిపించే వీలు లేదు. పగ అనేది మనుషులు ఆకలితో ఉన్నప్పుడు వచ్చే జబ్బు అని ఆమె నమ్మకం.

ఆ రోజు చిన్నాయిన నూలు దొరుకుతుందేమో చూడ్డానికి రామారెడ్డి వైపు పోయాడు. లడాయి రోజులు, నూలు కోసం ఊళ్లు తిరగాల్సి వచ్చేది. బాపు మగ్గం మీద ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం. బాపమ్మ గంగాళం తోమి, బావి నీళ్లు పోసి, ఎండలో పెట్టి గోరువెచ్చగా చేసింది. మేత కూడా వేసింది, రెండింటికీ నడుమ, ఒకే చోట. "నర్సీ, ఆ రెండో సీస పట్టుకో" అంది. నేను పట్టుకున్నాను. చిన్నాయిన మాట నాకు గుర్తుంది. కలపవద్దు, ఎప్పటికీ కలపవద్దు. నోరు తెరిచి చెప్పవచ్చు. చెప్పలేదు. ఎందుకంటే నేను ఒకటి అనుకున్నాను. ఈ రెండూ కలిస్తే వాళ్లిద్దరూ కలుస్తారు. ఎవరూ చెప్పలేదు నాకు, నేనే మనసులో మొక్కుకున్నాను. తొమ్మిదేళ్ల బుద్ధి. ఆమె నీలం చేపను వదిలింది, నేను ఎర్ర చేపను వదిలాను.

కాసేపు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి. రెక్కలు పూర్తిగా విప్పుకుని, ఎంత అందంగా ఉన్నాయంటే, బాపమ్మ చేతులు జోడించింది. "సూసినవా?" అంది. అప్పుడు నీలం చేప కొట్టింది. ఎర్రదాని తోకలోంచి ఒక ముక్క ఊడి నీళ్లలో తేలింది. మేత అలాగే ఉంది, ఏదీ దాని వైపు చూడలేదు. రెండూ మూతులు కరిచి పట్టుకుని గిరగిరా తిరిగాయి. ఊపిరి కోసం ఒకేసారి పైకి వచ్చేవి, గుటక వేసుకుని మళ్లీ కరుచుకునేవి. నేను గిన్నెతో విడదీయబోతే ఒకటి దొరికితే ఇంకోటి జారిపోయేది. అంత పెద్ద గంగాళంలో ఎర్రది అంచు వెంట పారిపోతూ పారిపోతూ, తిరిగి తిరిగి మళ్లీ నీలం దాని ముందుకే వచ్చేది. దాని రంగు పోయింది, ఒంటి మీద పాలిపోయిన చారలు తేలాయి. నా కేక విని బాపు నాడె ఆపి వచ్చాడు. ఆయన చేతులు ముంచి ఎర్రదాన్ని తీశాడు. సాయంత్రానికి అది చచ్చింది. నీలం చేప చీలికలైన రెక్కలతో సీసాలో అడుగున పడుకుని, నాలుగో రోజుకు అదీ పోయింది. బాపమ్మ ఆ మధ్యాహ్నం నుంచి గంగాళం పక్కనే కూచుంది. తడి చీరతోనే. ఆమె అంతగా ఓడిపోవడం నేను చూడలేదు, చూడాలని ఎవరికీ ఉండదు.

చిన్నాయిన వచ్చి చూశాడు. కోప్పడతాడని నేను రాట్నం వెనక దాక్కున్నాను. ఆయన తల్లి పక్కన కూచుని, "నీ తప్పు గాదవ్వా. దాని దేశంల అది పొలాలల్ల ఉంటదట. ఆడ ఓడిపోయినది ఉరికి ఇంకో మడిలకు పోతది, గెలిచినది ఊకుంటది. సచ్చేదాక కొట్టుకోవు. గంగాళంల అయితె ఏడికి పోతది? తిరిగి తిరిగి మల్ల ఆడికే వస్తది" అన్నాడు. నేను ఆ మాట మొత్తం విన్నాను. బాపమ్మ సగమే విన్నది. ఒక్కచోట ఉంటే చస్తారు అనేది ఒక్కటే ఆమె చెవిలో పడింది.

మర్నాడు పొద్దున ఆమె రెండు పళ్లాలు పెట్టింది. బాపుకు ముందు అర్రలో, చిన్నాయినకు వంటింట్లో. వంటింటి గడపలో నిలబడి చిన్న కొడుకుతో అంది. "రాజా, నువ్వు కామారెడ్డికి పో. ఆడ అర్ర కిరాయికి తీసుకోని మగ్గం పెట్టుకో."

"ఎల్లగొడుతున్నవా అవ్వా?"

"బతికిచ్చుకుంటున్న" అంది.

మూడో రోజున చిన్నాయిన బండి ఎక్కాడు. బాపు మగ్గం మీదనే ఉన్నాడు, నాడె చప్పుడు ఆగలేదు. నేను బండి వెనక కొంత దూరం పోయాను. "అక్షరాలు మర్సిపోకు" అని ఒక్కటే అన్నాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది, బాపుకు కళ్లు కనపడటం లేదని. చెవి నొప్పి గుర్తొచ్చి చెప్పలేదు. ఈ వయసులో కూడా కొన్ని రోజులు పొద్దున లేవగానే ఆ బండి వెనక నేనే నిలబడి ఉంటాను, నోరు తెరవకుండా.

కొన్ని నెలలు గడిచాయి. కామారెడ్డి నుంచి వచ్చిన బండివాడు ఒక కబురు తెచ్చాడు. "లింగన్నా, నిన్ను ఒక్కపారి రమ్మన్నడు మీ తమ్ముడు. ఏదో చూపిచ్చేది ఉన్నదట." బాపు ఆ మాటకు నేత ఆపాడు. స్నానం చేశాడు, ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. నేను ఉరికి చెప్పులు తెచ్చి ముందు పెట్టాను. చెప్పుల్లో కాలు పెడుతుంటే బాపమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. రెండు చేతులూ తలుపు చెక్కలకు ఆనించి, "పోకు లింగా. దూరం దూరం ఉంటెనే మీరిద్దరు బతుకుతరు. నా కండ్లతోని సూసిన" అంది. బాపు చెప్పులు విడిచి, ధోవతి మార్చకుండానే వెళ్లి గుంటలో కూచున్నాడు. నలభై ఏళ్ల మనిషి తల్లి చెయ్యి పక్కకు జరపలేడా? జరపగలడు. ఆయనకు ముందుగా పోయి పలకరించడానికి సిగ్గు, తల్లి చెయ్యి ఆ సిగ్గుకు సాకయింది. రెండోసారి కూడా కబురు వచ్చింది. ఆసారి స్నానం కూడా చేయలేదు.

నేను ఎన్నో ఏళ్లు దీని గురించి ఆలోచించాను. బాపమ్మ మొదట చేపలను మనుషులనుకుంది. తర్వాత మనుషులను చేపలనుకుంది. రెండో పొరపాటే పెద్దది. మొదటిదానికి రెండు చేపలు పోయాయి. ఇప్పుడు మా ఇండ్లలో ఎవరికి వారికి అర్ర, అర్రకొక తలుపు, తలుపుకొక గొళ్లెం. నా మనవలు కొట్లాడుకోరు. ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. ఒకరి ముందు ఒకరు చెంపలు ఉబ్బించుకునే అవసరం లేదు. దీన్ని శాంతి అనాలేమో. నాకు మాత్రం ఆ ఇరుకు అర్రలో, వీపు బిగించుకుని అయినా ఒకరికొకరు కనపడుతూ ఉన్న ఆ పదిహేను రోజులే ఎక్కువ బతుకులా తోస్తాయి. వాళ్లను ఇంకో పదిహేను రోజులు అలాగే వదిలేసి ఉంటే ఏమయ్యేదో.

ఎండాకాలం చివర కామారెడ్డిలో గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలతో ఇంటికొకరు పోతున్నారని విన్నాం. మాకు చిన్నాయిన కబురు వచ్చేసరికి ఆయన్ని మట్టి చేసి రెండు రోజులైంది. బాపు, బాపమ్మ, నేను తెల్లవారుజామున బండి కట్టించుకుని బయలుదేరాం. పొద్దు వాలేవేళకు చేరాం. దారి పొడుగునా ఎవరూ ఏడవలేదు. ఆయన కిరాయికి ఉన్న ఇంటామె మర్యమ్మ, ఒంటరి ఆడమనిషి, చర్చి దగ్గర ఊడ్చే పని చేసేది. అందరూ పారిపోతుంటే ఆయన నోట్లో చివరి నీళ్లు పోసింది ఆమె. తాళం తీసి, "గిదే అర్ర" అంది.

అర్ర చిన్నది. ఒక కిటికీ, పడమటి వైపు. కిటికీకి పక్కగా, వెలుతురు అందని మూలలో ఆయన మగ్గం. దాని మీద సగం నేసిన చీర అలాగే ఉంది. దాన్ని ఆనుకునే, కిటికీ కింద ఇంకో గుంట. దాని మీద మగ్గం లేదు. ఖాళీ గుంట, గట్టు నున్నగా అలికి ఉంది.

బాపు దాని వైపు చూసి, "గిదెవలిది?" అన్నాడు.

"నీదేనట అన్నా" అంది మర్యమ్మ. "అంగట్ల ఒక చీర చూసిండట. చేతిల పట్టుకోంగనే, ఇది మా అన్న చెయ్యి అని గుర్తువట్టిండట. అంచు కాడ పోగులు తప్పి ఉన్నయట. మా అన్నకు కండ్లు ఆనుతలెవ్వు మర్యమ్మా, అందుకే కిటికి ఇడువలేదు, నాకు సమజ్ కాలే అని ఒక్కటే ఏడుసుడు. ఆ దినమే తన మగ్గం మూలకు గుంజుకోని ఈడ తవ్విండు. ఎలుగున్న జాగ అన్నకే అన్నడు. మట్టి పెళ్లలూడకుంట వారం వారం అలుకుతుండె. రెండు పార్ల మనిషిని గుడ తోలిండు."

బాపమ్మ తలుపు దగ్గరే కూలబడింది. "లింగా, నేనే ఆపిన. నేనే ఆపిన బిడ్డా" అంది.

"నువ్వు ఆపలేదవ్వా" అన్నాడు బాపు. "నేనే పోలే."

ఆయన మెల్లగా తడుముకుంటూ ఖాళీ గుంటలోకి కాళ్లు వదిలి గట్టు మీద కూచున్నాడు. తమ్ముడు కొలత తీసుకోకుండానే తవ్వాడు, అయినా ఆయన కాళ్లకు సరిగ్గా సరిపోయింది. కిటికీలోంచి ఎండ ఆయన చేతుల మీద పడింది. ఎడమ చెయ్యి పక్కకు చాచాడు. చిన్నాయిన సగం నేసి వదిలిన బట్ట ఆ చేతికి అందింది.